బాపమ్మ చూసిన యుద్ధం

యుద్ధాల మీద తీసిన చారిత్రక సినిమాలు వినోదమా, రాజకీయ ప్రచారమా అని ఎవరైనా వాదన మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను. చదువుకున్నదానివి, నీకంటూ ఒక అభిప్రాయం ఉండదా అని మా ఇంటికి వచ్చేవాళ్లు వెక్కిరిస్తుంటారు. ఉంది. కానీ అది చెప్పాలంటే మా బాపమ్మ సంగతి చెప్పాలి. ఆ సంగతి నోటితో చెప్పడం ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు చేతకాదు. రాసేస్తే పీడా పోతుందని ఇప్పుడు కూర్చున్నాను.

మాది వరంగల్ బజారులో నూలు దుకాణం. కొత్తవాడ నేతగాళ్లకు నూలు అమ్మి, వాళ్లు నేసిన జంపఖానాలు కొనేవాళ్లం. దుకాణం మా నాన్న, బాపు, చూసుకునేవాడు. బాపు తమ్ముడు, మా కాక, హనుమకొండలో కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పేవాడు. వీళ్లిద్దరి తల్లి బాపమ్మ. బయట బాపు ఎంత పెద్ద సేటు అయినా, ఇంట్లో ఆమె దగ్గితే ఆయన చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయేది. కాక మాత్రం ఆమెకు ఎదురు చెప్పేవాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలికట్టెది ఒక దారి అని కాకను ఆమె తిట్టని రోజు లేదు.

బాపమ్మకు ఒకే ఒక్క స్నేహితురాలు. కొత్తవాడలో మగ్గం నేసే ముస్లిం ఇంటి పెద్దావిడ. మేము ఖాలమ్మ అని పిలిచేవాళ్లం. బాపమ్మ ఆమెను అక్క అనేది, ఆమె బాపమ్మను చెల్లె అనేది. ఇద్దరూ కలిసి మ్యాట్నీకి పోయేవాళ్లు, మధ్యలో తోడుగా నేను. సినిమాలో అత్త కోడలిని రాచి రంపాన పెడుతుంటే ఖాలమ్మ ఉర్దూలో, బాపమ్మ తెలుగులో తిట్టిపోసేవారు. ఇంటర్వెల్‌లో ఖాలమ్మ బురఖా జేబులోంచి పాన్ తీసి సగం తుంచి ఇచ్చేది. ఆ సగం పాన్ నములుతూ మిగతా సినిమా ఏడ్చేవాళ్లు. అంత ఏడుపు అయ్యాక బయటికొచ్చి, మస్తుగున్నది సినిమా అనుకునేవాళ్లు.

ఈ స్నేహం వెనక ఒక కథ ఉంది. నిజాం రాజ్యం ఆఖరి ఏడాది, ఖాకీ బట్టల్లో తుపాకులు పట్టుకున్న మూకలు ఊళ్ల మీద పడి దోచుకుంటున్న రోజులు. మా ఇళ్లలో ఆ రోజులను గడబిడ అనేవాళ్లు. తాత పెద్దకొడుకును తీసుకుని బెజవాడ వైపు వెళ్లిపోయాడు. నెలల పిల్లవాడైన కాకతో బాపమ్మ వెనక చిక్కుకుపోయింది. ఒకనాడు బజారులో దుకాణాలు పగలగొడుతున్నారని కేకలు వినపడితే, పిల్లవాడిని చంకనేసుకుని కొత్తవాడకు పరుగెత్తి, తమ నూలు నేసే ఇంట్లో దూరింది. ఆ ఇంటి కోడలే ఖాలమ్మ.

వాళ్ల మగ్గం కింద గుంట ఉంటుంది. నేసేవాళ్లు నేల మీద కూర్చుని కాళ్లు ఆ గుంటలోకి దించుకుంటారు. ఖాలమ్మ తల్లినీ బిడ్డనీ ఆ గుంటలోకి దించి, పైన తాను కూర్చుని, బాపమ్మ భుజాల మీద కాళ్లు ఆనించి నేయడం మొదలుపెట్టిందట. మూక లోపలికి వచ్చింది. సరిగ్గా అప్పుడే పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. ఖాలమ్మ చేతిలో పంజా ఉంది. పోగును బిగువుగా దిగగొట్టడానికి ఇనుప గోళ్లతో ఉండే పనిముట్టు అది. పిల్లవాడు ఏడ్చినంతసేపూ ఆమె దాంతో ధన్‌ధన్‌మని బాదుతూనే ఉంది. ఎవరైనా వచ్చారా అని వాళ్లు అడిగితే, పని చెడగొట్టకండి, సాయంత్రానికి ఇది దింపాలి అని కసిరి పంపిందట. దొరికితే బాపమ్మతో పాటు ఆమె ప్రాణం కూడా పోయేదే.

ఆ రోజు గుంటలో మొక్కుకున్న మొక్కు కింద బాపమ్మ ఏటా పీర్ల పండుగకు మలీద చేసేది. వేడి రొట్టెలు చిదిమి, బెల్లం కలిపి ముద్దలు కట్టి పీర్లకు పంపడం మా దిక్కు హిందువుల ఇళ్లలో కూడా ఉన్నదే. వాడకట్టు ఆడవాళ్లంతా మా అరుగు మీద చేరేవాళ్లు. రొట్టెలు చిదుముతూ బాపమ్మ గడబిడ కథ చెప్పాలి, పక్కన ఖాలమ్మ తప్పులు దిద్దాలి. అది ఆనవాయితీ. నువ్వు వచ్చేటప్పటికి ఎండ ఎక్కలేదు చెల్లె, అనేది ఖాలమ్మ. ముందుగాల నువ్వు మంచినీళ్లు అడిగినవు, నేను ఇయ్యలేదు, అనేది. ఇద్దరూ కలిస్తేనే ఆ కథ పూర్తయ్యేది. మాకు కంఠతా వచ్చినా ప్రతి ఏడూ నోరు తెరుచుకుని వినేవాళ్లం.

నేను పదో తరగతిలో ఉండగా ఒక యుద్ధం సినిమా వచ్చింది. పూర్వం రాజుల కాలంలో మన కోట మీదికి సుల్తాను సైన్యం దండెత్తి రావడం కథ. రిక్షాకు మైకు కట్టి, ఓరుగల్లు పౌరుషం చూడండి అని వారం ముందు నుంచే చెవులు చిల్లులు పడేట్టు అరిచారు. ఊరు ఊరంతా టాకీసు ముందే ఉంది.

ఖిలా వరంగల్ చూసినవాళ్లకు తెలుసు, అక్కడి రాతి తోరణాలకు తలుపులు లేవు. సినిమావాళ్లు మద్రాసులో అట్టలతో కట్టిన తోరణాలకు మాత్రం ఇంతెత్తు ఇనుప తలుపులు పెట్టారు. సుల్తాను ఏనుగులు వచ్చి వాటిని బద్దలు కొడతాయి. సినిమా వచ్చిన నాలుగు రోజులకే, కోట చూడటానికి వచ్చిన చుట్టాలకు మా ఊరి రిక్షావాళ్లు ఏనుగులు గుద్దిన గుర్తులు చూపించడం మొదలుపెట్టారు. పుట్టినప్పటి నుంచి ఆ తోరణాల కింద మేకలు కాసుకున్నవాళ్లు కూడా, అవునవును, ఇక్కడే తలుపు ఉండె అనేవాళ్లు. కాక తల పట్టుకున్నాడు. నేను పడీ పడీ నవ్వాను. అప్పటికి అది నవ్వులాటే.

రెండో వారంలో, ఎప్పటిలాగే ముగ్గురం మ్యాట్నీకి వెళ్లాం. లేడీస్ క్లాసులో కాలు పెట్టే సందు లేదు. తెర మీద మనవాళ్లంతా స్నానం చేసి బొట్టు పెట్టుకుని యుద్ధానికి వచ్చినట్టున్నారు. ఎన్ని తలలు నరికినా ఆ బొట్టు చెదరదు. శత్రువులంతా కాటుక కళ్లు, గుబురు గడ్డాలు. ఎప్పుడు చూపించినా మాంసం బొక్కలు కొరుకుతూ నవ్వుతుంటారు. పేరున్న మనిషి వాళ్లలో సుల్తాను ఒక్కడే. కోట పడిపోయాక రాణి చంటిబిడ్డతో రాతి పాతరలో, ధాన్యం దాచే గోతిలో, దాక్కుంటుంది. సైనికులు పైన వెతుకుతుంటారు. బిడ్డ ఏడవబోతాడు. రాణి వాడిని వీపుకు కట్టుకుని, కత్తి దూసి, పాతరలోంచి పైకి దూకి అందరినీ నరికేస్తుంది.

టాకీసు దద్దరిల్లింది. నేల తరగతి నుంచి కాగితం ముక్కలు, పూలు, ఈలలు. ఎవరో తెర ముందు కొబ్బరికాయ కొట్టారు. అప్పుడు మా వెనక వరుసలో ఒకావిడ గట్టిగా అంది.

"బురఖామెకు గీ సినిమా ఎందుకో. వాళ్లోళ్లు సస్తాంటె సూడనీకెనా?"

చుట్టూ నవ్వారు. ఆ మాట అన్నది ఎవరో కాదు, ప్రతి ఏడూ మా అరుగు మీద కూర్చుని మలీద ముద్దలు కట్టే పక్కింటి మనిషి. చీకట్లో ఆమె గొంతు నేను గుర్తుపట్టాను. ఖాలమ్మ కూడా గుర్తుపట్టే ఉంటుంది. టాకీసులో ఎప్పుడూ వెనక్కి వేసుకునే ముసుగును మొహం మీదికి లాక్కుంది. ఈ దుర్మార్గం బాపమ్మకు చెప్పి ఆ ఆడమనిషికి నాలుగు చీవాట్లు పెట్టిద్దామని చెయ్యి పట్టి లాగాను. బాపమ్మకు నా స్పృహే లేదు. కుర్చీలోంచి లేచి నిలబడింది, రెండు చేతులూ జోడించింది, కళ్ల నుంచి ధారలు. బిడ్డను వీపున కట్టుకున్న రాణినే చూస్తోంది.

ఆ వెంటనే వచ్చిన ఇంటర్వెల్‌లో ఖాలమ్మ పాన్ తుంచలేదని ఇంటికి పోయేటప్పుడు గుర్తొచ్చింది. ఖాలమ్మ తల నొస్తోందని చెప్పి వేరే రిక్షా ఎక్కి వెళ్లిపోయింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర బాపూ కాకా వాదులాడుకున్నారు. మూడు గంటల తమాషా, టిక్కెట్టు కొన్నవాడు ఈల వేస్తే నీకేం నొప్పి అని బాపు. ఇది తమాషా కాదు, ఎవరి మీద ఈల వేయాలో నేర్పుతున్నారు, రేపు ఓట్లు అడిగేవాడికి పనికొస్తుంది అని కాక. బాపమ్మ ఇద్దరినీ పట్టించుకోలేదు. ఆమె మర్నాడు మళ్లీ వెళ్లింది. ఆ తర్వాత ఎవరు తోడు దొరికితే వాళ్లతో వెళ్లింది. ఖాలమ్మ మాత్రం మళ్లీ ఏ సినిమాకూ రాలేదు.

అంతలో పీర్ల పండుగ వచ్చింది. ఆనవాయితీ ప్రకారం అరుగు మీద ఆడవాళ్లు చేరారు. ఖాలమ్మ కూడా వచ్చింది. కాలేజీకి సెలవు కాబట్టి కాక కూడా గడప దగ్గర నిలబడ్డాడు. బాపమ్మ కథ మొదలుపెట్టింది. బజారులో కేకలు, చంకలో పిల్లవాడు, అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఆమె కొత్తవాడకు పరుగెత్తలేదు. మా పాత ఇంటి పెరట్లో పాతర ఉండేదట, అందులోకి దిగిందట. పిల్లవాడు ఏడవబోయాడట.

"కొంగుతోని పిలగాన్ని ఈపుకు కట్టుకున్న. కొడవలి తీసుకున్న. ఒక్కటే దుంకుడు దుంకిన. నన్ను సూసి ఒక్కొక్కడు ఉరుకుడే ఉరుకుడు," అంది బాపమ్మ.

నా చేతిలో రొట్టె అట్లాగే ఉండిపోయింది. మా పాత ఇంట్లో పాతర లేదు. దుకాణంలో పుట్టిన పిల్లను, అబద్ధమాడే మొహం నేను ఆమడ దూరం నుంచే పసిగడతాను. బాపమ్మది ఆ మొహం కాదు. ఆమె నిజంగానే కొడవలి పట్టుకున్నంత బిగువుగా పిడికిలి బిగించింది. ఆడవాళ్లు అబ్బా అన్నారు. పక్కింటావిడ చెంపలు వేసుకుంది. ఈ కథ ఏళ్ల తరబడి విన్నవాళ్లే వాళ్లంతా. ఒక్కరికైనా అనుమానం రాలేదు.

ఖాలమ్మ వైపు చూశాను, దిద్దుతుంది కదా అని. ఆమె మలీద ముద్ద కడుతోంది. కట్టి పళ్లెంలో పెట్టింది, ఇంకోటి అందుకుంది.

అందరూ వెళ్లాక కాక తల్లి ముందు కూలబడ్డాడు. నేను బతికింది ఆమె పంజా చప్పుడుతో కదమ్మా, ఆమెనే తీసేశావేమిటి అన్నాడు. అక్క మంచిదే, నేనెప్పుడు కాదన్నాను అంది బాపమ్మ. ఆ తర్వాత అన్న మాట వింటే నాకు ఆమె మీద కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

"ఎన్నేండ్లు చెప్పుమంటవ్‌రా, మగ్గం బొందల కూసున్న అని? కన్నతల్లిని నేను. నీకోసం నేనేం జెయ్యలేదా?"

అంతవరకు నాకు తట్టనే లేదు. అన్నేళ్లుగా తన కథలో తాను చేసిందల్లా గుంటలో వణుకుతూ కూర్చోవడమే. సినిమా వచ్చి ఆమె చేతికి కత్తి ఇచ్చింది. ఏ తల్లికి చేదు? కానీ ఆ కత్తి ఇచ్చినవాళ్లు ఖాలమ్మను కథలోంచే లేపేశారు. ఆ పని బాపమ్మ చేత్తోనే చేయించారు.

కథ బజారుకెక్కింది. టాకీసువాళ్లు యాభై రోజుల పండుగ తలపెట్టారు. ఎన్నికల మీద కన్నున్న ఒక నాయకుడు దానికి పెద్దమనిషి. అచ్చం రాణి లాగే బిడ్డను కాపాడుకున్న తల్లి మన ఊళ్లోనే ఉందట అని తెలిసి, ఆయన మా దుకాణానికి వచ్చి బాపమ్మను వేదిక మీదికి పిలిచాడు. బాపు ఉబ్బిపోయాడు. ఆపడం తన వల్ల కాదని కాకకు అర్థమైంది. ఒక్కటే దారి ఉందన్నాడు. ఖాలమ్మ కూడా వేదిక ఎక్కాలి, పక్కన కూర్చుని ఎప్పటిలా దిద్దాలి. నన్ను వెంటేసుకుని కొత్తవాడ పోయాడు.

వాళ్ల గల్లీలో పిల్లలు కర్రలు పట్టుకుని ఆ సినిమా యుద్ధమే ఆడుతున్నారు. ఖాలమ్మ ఇంటి తలుపు మీద ఎవరో బొగ్గుతో పెద్ద కత్తి గీశారు. తుడిచినా మరక పోలేదు. లోపల ఆమె కొడుకు మగ్గం ఆపి లేచాడు. కూర్చోమన్నాడు కానీ తలుపు దగ్గర నుంచి కదల్లేదు. ఖాలమ్మ చాయ్ తెచ్చింది. కాక నేల మీద కూర్చుని, సంగతంతా చెప్పి, చేతులు పట్టుకున్నాడు. ఆ రోజు జరిగింది చెప్పడానికి నువ్వొక్కదానివే మిగిలావు, వచ్చి చెప్పు ఖాలమ్మా అన్నాడు.

ఖాలమ్మ కొడుకు వైపు ఒకసారి చూసింది.

"ఏ దినం బేటా? గడబిడల మీ అమ్మ వచ్చిన దినమా? ఆ దినం నేను ఇంట్ల లేను. హసన్‌పర్తిల మా అక్క ఇంటికి పోయిన. మీ అమ్మ చెప్పిందే నిజం."

కాక విసురుగా లేవబోతే మోకాలు తగిలి గ్లాసులో చాయ్ ఒలికింది. నేను ఆమె మొహంలోకి చూస్తూనే ఉన్నాను, ఒక్క క్షణమైనా నవ్వి, పరాచికానికి అన్నాను అంటుందేమోనని. ఆమె గుడ్డ తెచ్చి ఒలికిన చాయ్ తుడిచింది. మాకు ఏ తగాదా పంచాది వద్దు సేటు, మేం ఎవరికీ ఏం చెప్పం, మీరు ఫికర్ చేయకండి అన్నాడు ఆమె కొడుకు. కాకను ఆ ఇంట్లో ఎవరూ అంతకు ముందు సేటు అనలేదు. ఆ ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఆయన పిలగాడే. తిరుగు దారిలో కాక హనుమకొండ పోయే బస్సు ఎక్కి, వద్దని మళ్లీ దిగి, నాతో ఇంటి దాకా నడిచాడు.

యాభై రోజుల పండుగ నాడు టాకీసు వేదిక మీద బాపమ్మ మెడలో బంతిపూల దండ వేశారు. ఆమె మైకు ముందు ఎక్కడా తడబడలేదు. పాతర, కొంగు, కొడవలి, దుంకుడు. చప్పట్లు ఆగాక నాయకుడు ఆమె చెయ్యి పట్టి పైకెత్తాడు. ఈ సినిమాలో చూపించింది కల్పన అనేవాళ్లకు ఈ తల్లే సాక్ష్యం అన్నాడు. సినిమా చూసి ఆమె తన కథ మార్చుకుంటే, ఆ మారిన కథను చూపించి సినిమా నిజమంటున్నారు. ఇంతమంది పెద్దవాళ్లలో లేచి అడిగేవాడు లేడా అని చుట్టూ చూశాను. కాక జనంలో ఎక్కడో వెనక నిలబడి ఉన్నాడు. ఆయన దగ్గర సాక్ష్యం లేదు.

ఇంటికి వచ్చాక బాపమ్మ దండ తీసి గూట్లో పెట్టింది. కాళ్లు కడుక్కుంది. మొహం వెలిగిపోతోంది. నన్ను పిలిచి, ఆడోళ్ల వరుసల మస్తు సూసిన, అక్క రాలేదేందే అని అడిగింది. చెప్పకూడదని కాక ఒట్టు వేయించుకున్నాడు. నేను ఉండబట్టలేక చెప్పేశాను. ఆ రోజు తాను ఇంట్లోనే లేనని, హసన్‌పర్తి పోయానని ఖాలమ్మ అన్నదని చెప్పాను.

బాపమ్మ తువ్వాలు పక్కన పెట్టి నా ఎదురుగా వచ్చింది.

"ఇంట్ల లేదా? గట్లెట్లుంటది? మరి నన్ను ఎవలు దాచిన్రే?"

అప్పుడు ఆమె మొహం నేను ఎన్నటికీ మరచిపోలేను. వేదిక మీది మనిషి కాదు. గోడకు ఆనుకుని, పిల్లవాడు ఏడ్చిండు గద, ఏడ్చిండు గద అని తనలో తాను అనుకుంటోంది. పొద్దున్నే కొత్తవాడ తీసుకుపొమ్మని నన్ను నిద్ర లేపింది.

మేము వెళ్లేసరికి ఖాలమ్మ మగ్గం మీద ఉంది. బాపమ్మ చెప్పులు విడవడం కూడా మరచి లోపలికి పోయి ఆమె పక్కన కూలబడింది. అక్కా, నేను తప్పు చెప్పిన, నాకు యాదికొచ్చింది, నువ్వు పంజా కొట్టినవు, పిలగాని ఏడుపు వాళ్లకు ఇనపడకుంట కొట్టినవు, నేను నీళ్లడిగితె ఇయ్యలేదు అంటూ ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. ఒక్క తప్పు లేదు. ఎండ ఎక్కలేదని కూడా తానే చెప్పింది. తలుపు దగ్గర ఖాలమ్మ కొడుకు నిలబడి ఉన్నాడు. వీధిలో పిల్లలు అరుస్తూ పరుగెత్తారు.

ఖాలమ్మ అంతా విన్నది. బాపమ్మ చెంపల మీది తడి తన అరచేత్తో తుడిచింది. చాలా మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"లేదు చెల్లె. నువ్వు గదంత సినిమాల సూసినట్టున్నవు."